రేడియంకు ఎండ పెట్టిన ఇల్లు

మా వదిన రాజమ్మ కడుపులోకి వెలుతురు పంపిన రోజు నేను భూపాలపల్లిలో ఒక దవాఖాన వరండాలో ఆమె చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బయట విడిస్తే ఎవరైనా తొడుక్కుపోతారని ఆమె భయం. "సరూ, జర పైలం, మొన్ననే కొన్నయి" అని నా చేతికిచ్చి, కూతురు విజయ భుజం పట్టుకుని లోపలికి నడిచింది. మూడు నెలలుగా ఆమెకు ముద్ద దిగడం లేదు. మొదట అన్నం మానేసింది, తర్వాత జావ మానేసింది, ఇప్పుడు మజ్జిగ కూడా గొంతులో ఆగుతోంది. నోట్లోంచి సన్నటి గొట్టం వేసి చూస్తామని, దాంట్లోంచి లోపలికి లైటు పోతుందని, భయపడొద్దని డాక్టరు చెప్పాడు. చిన్నవాడే అయినా ఓపిక ఉన్నవాడు. ఆ గొట్టం సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు, ముప్పై ఏళ్లు బడిపిల్లలకు చెప్పిన పాఠమే. వెంట్రుక కన్నా సన్నని గాజుపోగుల్ని కట్టగట్టి అందులో పెడతారు. ఒక కొసన దూరిన వెలుతురు గాజు అంచుకు ఏటవాలుగా తగిలి, బయటికి పోలేక లోపలికే మళ్లుతుంది. అవతలి అంచుకు తగిలి మళ్లీ మళ్లుతుంది. గొట్టం ఎన్ని వంకర్లు పోతే తానూ అన్ని వంకర్లు పోయి రెండో కొసన బయటపడుతుంది. దీన్ని పుస్తకంలో సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. ఆ పేరుకు జడిసి పిల్లలు పరీక్షలో ఆ ప్రశ్న వదిలేసేవారు. గాజులోంచో నీళ్లలోంచో గాలిలోకి పోదామనుకున్న వెలుతురు మరీ వాలుగా వస్తే, తలుపు తీసేవాళ్లు లేక ఇంటికి తిరిగి వస్తుందని, అంతకన్నా ఏమీ లేదని వాళ్లకు చెప్పేదాన్ని.

అరగంటకు వదిన బయటికి వచ్చింది. గొంతుకు మందు కొట్టారేమో, మాట బొంగురుగా ఉంది. నా చేతిలోని చెప్పులు రెండూ ఉన్నాయో లేదో చూసుకుని, పక్కన కూర్చుని, "కడుపులకు దీపం తోలిండ్రట గద పిల్లా. ఏం కనబడ్డదట?" అని అడిగింది. ఇంకా రిపోర్టు రాలేదన్నాను. "ఏమొస్తది రిపోర్టుల? గా కందీలే కనబడి ఉంటది" అని నవ్వింది. విజయ కూడా నవ్వింది. అమ్మ ఇలాంటి మాటలు అనడం ఆమెకు అలవాటే. నేను మాత్రం తల వంచుకుని చెప్పుల పట్టీలు సరిచేస్తూ కూర్చున్నాను. కందీలంటే మా ఇంటి పాత లాంతరు. దాని సంగతి ఆమె చేసిన తప్పని ఆమె అనుకుంటోంది. నేను చేసిన తప్పని నాకు తెలుసు.

తరిగొప్పుల పక్కన మాది చిన్న ఊరు. నాకు ఊహ రాకముందే నాయిన పోయాడు. ఇంట్లో అవ్వ అని మేము పిలిచే అమ్మ, మా అన్న సోమయ్య, కొత్తగా కాపురానికి వచ్చిన వదిన, నేను. ఆ ఇంటిని ఇప్పుడు తలుచుకుంటే ముందు వాసనే వస్తుంది: తడిసిన జొన్నచొప్ప, ఎడ్లకు ఉడుకుతున్న ఉలవలు, అవ్వ కాల్చే చుట్ట, కందీల్లో పోసే గ్యాసునూనె. అవ్వ పొద్దున లేచి చుట్ట ముట్టించే దాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ చుట్ట అయిపోయాక మాటలు ఆపేది కాదు. అన్న ఎడ్లకు మేత వేసేటప్పుడు వాటితో కష్టసుఖాలు చెప్పుకునేవాడు, మాతో చెప్పని సంగతులు కూడా. వదిన దంతాలపల్లి దగ్గరి పిల్ల. నాకన్నా ఏడెనిమిదేళ్లే పెద్ద. ఆమె వచ్చాక నాకు జడలు వేసేవాళ్లు, వెంట పడుకునేవాళ్లు దొరికారు. చీకటంటే ఆమెకు చచ్చేంత భయం. పొద్దు వాలుతుండగానే పీట వేసుకుని కూర్చుని కందీలు గ్లాసు ఊడదీసేది. పొయ్యిలో చల్లారిన బూడిద తెచ్చి, పాత నూలుగుడ్డ రెండు వేళ్లకు చుట్టి, గ్లాసు లోపల నోటితో ఆవిరి ఊది, మసి పోయేదాకా తుడిచేది. అంత శ్రద్ధగా ఆమె తన ముఖమైనా కడుక్కునేది కాదని అవ్వ ఎగతాళి చేసేది. ఇంట్లో కందీళ్లు రెండు ఉండేవి కాని ఒకదాని గ్లాసు పగిలింది. కాగితం అతికించి వాడితే గాలికి ఆరిపోయేది. కాబట్టి ఉన్నది ఒకటే అన్నట్టు.

ఆ ఒక్క కందీలు మీదనే పేచీ. అన్న వడ్లబస్తాలు వేసుకుని జనగామ మార్కెట్టుకు పోవాలంటే తొలికోడికే బండి కట్టాలి. వెనుక వచ్చే లారీలకు బండి కనబడాలని ఇరుసు కింద కందీలు వేలాడగట్టుకుని పోయేవాడు. ఆ పొద్దు ఇంట్లో తెల్లవారే దాకా చీకటి. వదిన నన్ను గట్టిగా పట్టుకుని పడుకునేది. ఒకసారి అన్న జనగామ నుంచి వస్తూ సైకిల్ దుకాణంలో ఒక ఎర్రబిళ్ల పట్టుకొచ్చాడు. సైకిల్ మడ్‌గార్డు వెనుక ఉంటుందే, ఆ బిళ్ల. పాతది, ఎవరి సైకిల్ నుంచో ఊడిపోయింది, వెనుక మూత లేదు. ముందు నున్నగా ఉంది, వెనుక చూస్తే తేనెపట్టు గదుల్లాగా సన్నసన్నని మూలలు. దాన్ని మా ఊళ్లో అందరూ రేడియం అనేవారు. ఇప్పటికీ మా వైపు మెరిసే స్టిక్కరు ఏది కనబడినా రేడియమే అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, మా కొంప ముంచింది ఆ పేరే. రేడియం అంటే తనంతట తాను వెలిగేదని అందరి నమ్మకం. సైకిల్ దుకాణపాయన అన్నకు అదే చెప్పి పంపాడు: "పగలంత ఎండ తాగుతది, చీకటి పడంగనే కక్కుతది."

ఎదురింటి వాళ్ల బ్యాటరీ లైటు అడిగి తెచ్చి అన్న ఆ సాయంత్రం దాన్ని పరీక్ష చేశాడు. బిళ్లను చింతమొద్దుకు ఆనించి, దూరంగా నిలబడి, లైటు వేశాడు. ఎర్రటి నిప్పు ఒకటి చీకట్లో భగ్గుమంది. అవ్వ అమ్మో అంది, వదిన చప్పట్లు కొట్టింది. లైటు తీస్తే బిళ్ల ఆరిపోయిన సంగతి మాలో ఒక్కరమూ ఆలోచించలేదు. ఈరోజు ఎండ సరిగ్గా తాగలేదేమోలే అనుకున్నాం. మర్నాటి నుంచి వదిన రేడియంకు ఎండ పెట్టడం మొదలుపెట్టింది. మిరపకాయలు ఎండబోసిన గోనెపట్టా మీద ఒక మూల శుభ్రమైన గుడ్డ పరిచి, దాని మీద బిళ్లను వెల్లకిలా పెట్టి, నీడ జరిగినప్పుడల్లా దాన్ని జరిపేది. మబ్బు పడితే "ఇయ్యాల దానికి కడుపు నిండలే" అనేది. ఇరుగుపొరుగు ఎవరైనా వస్తే "జర పైలం, రేడియం తాగుతాంది" అని చెప్పేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావాలి. రాదు.

మూత లేదు కాబట్టి బిళ్లను బండి తోకకు బిగించడం కుదరలేదు. అన్న తీగెతో కట్టాడు, రెండుసార్లు ఊడి పడింది. "సరూ, నువ్వు బళ్లె చదువుతానవ్ గద, గిది ఊడకుంట ఏమన్న చెయ్యరాదూ" అన్నాడు నవ్వుతూ. నాకు పదకొండేళ్లు. అన్న నన్ను పెద్దదాన్ని చేసి ఒక పని చెప్పాడు. ఆ సంతోషంతో చెరువుకట్ట మీది తుమ్మచెట్లన్నీ తిరిగి ఒలిచిన బంకంతా పోగుచేశాను. పుస్తకాలకు అట్టలు అతికించుకునేది ఆ బంకతోనే. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే పుల్లతో కలిపి, ఎర్రబిళ్ల వెనుక ఆ సన్నని మూలలన్నీ నిండేలా అంచుల దాకా పోశాను. ఎక్కడా గాలి బుడగ ఉండకూడదని పుల్లతో పొడిచి మరీ పోశాను. దాని మీద తుప్పుపట్టిన రేకుముక్క ఒత్తి, రెండు రోజులు ఎండలో పెట్టాను. రాయిలాగా గట్టిపడింది. ముందువైపు తిప్పి చూస్తే అదే ఎరుపు, ఇంకా చిక్కగా ఉన్నట్టనిపించింది. అన్న రేకుకు బెజ్జం వేసి బండికి మేకు కొట్టి, రెండు చేతులతో ఊపి చూశాడు. కదల్లేదు. "శాబాష్ పోరీ, ఇగ ఏడు తరాలకు ఊడది" అన్నాడు. ఆ తర్వాత ఎన్నో మెచ్చుకోళ్లు విన్నాను. ఉత్తమ ఉపాధ్యాయురాలని శాలువాలు కూడా కప్పారు. ఆ శాబాష్ ఒక్కటే ఇప్పటికీ చెవిలో ఉంది.

బ్యాటరీ లైటుతో మళ్లీ పరీక్ష చేయాలని ఎవరికీ తోచలేదు. పగలు ఎర్రగా ఉంది, బండికి గట్టిగా ఉంది, ఎండ తాగుతూనే ఉంది. ఇంకేం కావాలి? వదినకు అప్పుడు ఐదో నెల. వడ్లు జనగామ తోలాల్సిన రోజు వచ్చింది. ముందురోజు సాయంత్రం గ్లాసు తుడుస్తూ ఆమె నా ఎదుటే అన్నతో చెప్పింది. "రేడియం ఉన్నది గద. కందీలు నాకు ఉండనియ్యి. కడుపుతోటి ఉన్న, చీకట్ల దిగులైతాంది." అన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గట్లనే కానీ. గిప్పుడు మన బండికి తోక దీపం ఉన్నది" అని నా జడ లాగి పోయాడు. తొలికోడికి ఆయన బండి కట్టుకుని పోతుంటే వదిన గడపలో కందీలు ఎత్తి పట్టుకుని చూసింది. బండి చక్రాల చప్పుడు మలుపు దాకా వినిపించింది.

మా అన్న మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. తెల్లవారకముందే జనగామ రోడ్డు మీద వెనుక నుంచి లారీ గుద్దింది. ఒక ఎద్దు అక్కడే పడిపోయింది, ఒకటి రెండు రోజులకు చచ్చింది. అన్నను మధ్యాహ్నానికి మంచం మీద మోసుకొచ్చారు. నేను బడి నుంచి పరిగెత్తుకొచ్చేసరికి వాకిట్లో జనం. వదిన ఏడవడం లేదు. పట్టపగలు వెలుగుతున్న కందీలును ఆర్పాలని కూడా తెలియకుండా, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లారీ డ్రైవరును జనం పట్టుకొచ్చి మా వాకిలి ముందు కూర్చోబెట్టారు. ఆయన పెదవి పగిలి నెత్తురు కారుతోంది. ఒకటే మాట అంటున్నాడు: "లైట్లు ఏసుకునే ఉన్న అయ్యా. నాకేం కనబడలే. నా బిడ్డ మీద ఒట్టు, ముందల ఏం కనబడలే." ఎవరో ముక్కలైన బండి తోక నుంచి ఎర్రబిళ్ల పీకి తెచ్చి ఆయన ముఖం ముందు ఊపారు. "గింత రేడియం పెట్టుకుంటే కనబడలేదంటవా? తాగి నడిపినవ్ బద్మాష్." బిళ్ల చెక్కుచెదరలేదు. నేను పోసిన బంక అంత గట్టిది. ఆయనను పోలీసులు తీసుకుపోయారు. ఆయన పేరేమిటో నాకు ఈరోజుకీ తెలియదు.

నాలుగు నెలలకు విజయ పుట్టింది. వదిన పుట్టింటివాళ్లు వచ్చి పిలిచినా ఆమె పోలేదు. అవ్వ మంచాన పడితే సేవ చేసింది, ఒకరి పొలాల్లో నాట్లు వేసింది, కలుపు తీసింది. నా చదువు మాత్రం ఆపనివ్వలేదు. నేను బడి మానేసి కూలికి వస్తానంటే చెంప మీద ఒకటి వేసి, "మీ అన్న నిన్ను సదివిస్తనన్నడు, నేను సదివిస్త" అన్నది. ఆమెకు నా మీద ఉన్న ప్రేమకు నేనేమి చెప్పినా తక్కువే. కాని ఒక్క పని ఆమె మానలేదు. పొద్దు వాలగానే పీట వేసుకుని కందీలు గ్లాసు ఊడదీసి, బూడిదతో తుడిచి, మళ్లీ బిగించి, గూట్లో పెట్టేది. వెలిగించేది కాదు. ఎంత చీకటైనా, ఎంత భయమైనా ఆ కందీలు వెలగలేదు. కాగితం అతికించిన రెండోదానితోనే గడిపేవాళ్లం. వెలిగించని కందీలు ఎందుకు తుడుస్తున్నావు వదినా అని చిన్నతనంలో ఒకసారి అడిగాను. "నేనే ఉంచుకున్న గద సరూ" అన్నది. ఎర్రబిళ్లను మాత్రం అవ్వ ఎక్కడో పారేసింది.

ఇంటర్ చదవడానికి జనగామ పోయాను. మొదటి సంవత్సరమో రెండో సంవత్సరమో, ఒక మధ్యాహ్నం లెక్చరర్ గాజుదిమ్మె పట్టుకొచ్చి వెలుతురు సంగతి మొదలుపెట్టారు. గాజులోంచి గాలిలోకి వెళ్లే కిరణం ఒక కోణం దాటి వాలితే ఇక బయటికి పోదని, ఆ కోణానికి సందిగ్ధ కోణం అని పేరని చెప్పారు. ఎండమావి అందుకే కనబడుతుందని, వజ్రం అందుకే అంతగా మెరుస్తుందని చెబుతుంటే హాయిగా విన్నాను. తర్వాత ఆయన జేబులోంచి ఒక సైకిల్ ఎర్రబిళ్ల తీశారు. "దీన్ని మీరంత రేడియం అంటరు. దీంట్ల రేడియం లేదు, ఏం లేదు. దీనికి సొంత వెలుగే లేదు. ఎనుక గీ మూలలు చూడుండ్రి. ముందట నుంచి వచ్చిన కాంతి గీ మూలలకు తాకి, బయట గాలి ఉన్నది కాబట్టి బయటికి పోలేక, వచ్చిన తోవనే తిరిగిపోతది. అందుకే బండి నడిపెటోనికి కనబడతది. గీ గాలి సందే దీని పానం. గా సందుల ఏ నీళ్లో, బంకో నింపిండ్రనుకో, కాంతి అందులకు దిగిపోతది, తిరిగి రాదు. పగటి పూట చూస్తే మంచిగనే ఉంటది. చీకట్ల మాత్రం గుడ్డిదే." బంక అన్న మాట ఆయన నోట ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. మా వాళ్లందరికీ అతికించేది అంటే బంకే కాబట్టి వచ్చి ఉంటుంది. నేను బల్ల మీద తల వాల్చాను. జ్వరమొచ్చిందని హాస్టలుకు పంపించారు. నిజంగానే వారం రోజులు జ్వరం కాసింది.

ఆ డ్రైవరు నిజం చెప్పాడు. మా వదిన కందీలు ఉంచుకోవడం ఒక్కటే కారణం కాదు. రేడియం సరిగ్గా ఉండి ఉంటే కందీలు లేకపోయినా అన్న ఇంటికి వచ్చేవాడు. ఈ సంగతి ఆ రోజుల్లో ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. జ్వరం తగ్గాక ఊరికి పోయాను, చెబుదామనే పోయాను. వదిన నా కోసం సర్వపిండి చేసి, "బక్కగైతివి పిల్లా, హాస్టల్ల తిండి పెడ్తలేరా" అని పక్కన కూర్చుని తినిపించింది. నన్ను చదివించడానికే ఆమె చేతులు కాయలు కాశాయి. ఆ చేత్తో తింటూ చెప్పలేకపోయాను. తర్వాతిసారి చెబుదామనుకున్నాను. డిగ్రీ అయ్యాక అనుకున్నాను. ఉద్యోగం వచ్చాక అనుకున్నాను. విజయ పెళ్లి ఒకటి అయిపోనీ అనుకున్నాను. పిరికిదానికి సాకులు కరువా? ఆమె నన్ను అసహ్యించుకుంటుందేమోనని భయపడ్డాను, అంతే. ఆ భయానికి ఆమె బతుకంతా బలిపెట్టాను.

ఫిజికల్ సైన్స్ టీచరుగా మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లిలోనే ఎక్కువ కాలం చేశాను. వదిన పుట్టిన వైపు అది. ప్రతి ఏడూ ఆ పాఠం వచ్చేది. గ్లాసులో నీళ్లు పోసి, కింద నుంచి చూస్తే పైభాగం అద్దంలాగా ఎట్లా అవుతుందో చూపించేదాన్ని. ఎండమావి చెప్పేదాన్ని, వజ్రం చెప్పేదాన్ని, డాక్టర్ల గొట్టం చెప్పేదాన్ని. సైకిల్ బిళ్ల ఒక్కటి దాటేసేదాన్ని. ఒకసారి ఒక తండా పిల్ల లేచి నిలబడి, "టీచర్, మా సైకిల్ రేడియం గూడ గిట్లనేనా?" అని అడిగింది. తెలివైన పిల్ల. ఇంట్లో వాళ్ల భాష వేరు, బడిలో మన భాష వేరు, అయినా అందరికన్నా ముందు ఆమెకే ఆ ప్రశ్న తట్టింది. "అది సిలబస్‌ల లేదు, కూర్చో" అని గద్దించాను. ఆ పిల్ల ముఖం ముడుచుకుపోయింది. నాకు తెలిసిన పాఠాల్లో నేను అతి దగ్గరగా తెలుసుకున్నది అదొక్కటే. దాన్ని దాచుకున్న టీచరును నేను.

రిపోర్టు వచ్చాక డాక్టరు విజయనూ నన్నూ గదిలోకి పిలిచి, ఆపరేషన్ చేసే దశ దాటిందని నెమ్మదిగా చెప్పాడు. వదినకు మేము చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. వదిన భూపాలపల్లిలో కూతురి దగ్గరే ఉంటోంది. ఆ వారమే విజయ వాళ్ల వీధిలో ఇంటర్నెట్ కేబుల్ కోసం గుంత తవ్వుతున్నారు. వదిన కిటికీ దగ్గర మంచంలో పడుకుని, నల్లటి తాడు నేలలోకి దిగడం చూస్తూ "కరంటా గది?" అని అడిగింది. కరెంటు కాదని, దాంట్లోంచి వెలుతురే పోతుందని, మన మాటలూ బొమ్మలూ వెలుతురుగా మారి ఊర్లు దాటుతాయని చెప్పాను. "నా కడుపులకు పోయినట్టేనా?" అన్నది. అవునన్నాను. తాడు వైపే చూస్తూ, "గిన్ని దీపాలు వచ్చినయి. గప్పుడు మనకు ఒక్కటే ఉండె. దాన్ని నేనే ఉంచుకుంటి" అన్నది. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఆయన్ను నేనే చంపుకున్న సరూ. పైకి పోతే ఏ ముఖం పెట్టుకుని కనబడాలె?"

అక్కడే చెప్పేశాను. బంక సంగతి, రేకు సంగతి, గాలి సంగతి అన్నీ చెప్పాను. ఆమె నా చేయి నిమిరి, "నన్ను ఊకుంచెతందుకు చెప్తానవ్ బిడ్డా. బంకకు గంత బలముంటదా? నువ్వు గట్టిగ పెట్టినవు కాబట్టే గది ఊడలే" అన్నది. నమ్మలేదు. ఇన్నేళ్లు దాచిన నిజం ఆమెకు ఓదార్పు కోసం చెప్పిన అబద్ధంలాగా కనబడింది. అక్కడితో ఊరుకుంటే నాకు ఏ నష్టమూ లేదు. చెప్పానన్న తృప్తి నాకుంటుంది, ప్రేమ ఆమెకుంటుంది, బరువు మాత్రం ఆమె మీదే ఉండిపోతుంది. విజయ కొడుకు బడికి తొక్కిన సైకిలు ఒకటి మెట్ల కింద పడి ఉంది. దాని ఎర్రబిళ్ల ఊడదీసి, చాకుతో వెనుక మూత లేపాను. బజారులో తుమ్మబంక కొన్నాను. రాత్రి నానబెట్టి, పొద్దున సగం బిళ్లకు మాత్రమే పోసి, పైన ఒక రేకుముక్క ఒత్తి, మేడ మీద ఎండలో పెట్టాను. అదే బంక, అదే వాసన. రెండు రోజులు ఎండింది. ఆ రెండు రోజులూ దాన్ని తీసి పారేద్దామని ఎన్నిసార్లు మెట్లెక్కానో లెక్కలేదు.

మూడోనాడు మధ్యాహ్నం కిటికీలు మూసి దుప్పట్లు కట్టాను. బిళ్లను ఎదుటి గోడకు అల్మారా మీద నిలబెట్టాను. "ఏంది పిల్లా, నాకు గిప్పుడు పాఠం చెప్తవా?" అన్నది వదిన. ఒక్కసారి చూడమన్నాను. ఫోన్ లైటు వేసి ఆమె కణత పక్కనే పట్టుకున్నాను. కంటి పక్క నుంచి పోయిన వెలుతురే కంటికి తిరిగి వస్తుంది కాబట్టి అక్కడే పట్టుకోవాలి. గోడ దగ్గర సగం బిళ్ల నిప్పులాగా మండింది. మిగతా సగం లేదు. అక్కడ బిళ్ల ఉందని చెప్పినా నమ్మరు, అంత చీకటి. వదిన లైటు ఆర్పమంది, వేయమంది, మళ్లీ ఆర్పమంది. తర్వాత బిళ్లను చేతికి తెమ్మని, వెనుక బొటనవేలితో తడిమింది.

"గా సగంల బంకనా?"

"బంకనే వదినా."

"మరి ఎండ?"

"ఎండతోని పనే లేదు. దానికి సొంత వెలుగు లేదు. వచ్చెటోని దీపాన్నే మళ్లా వానికి ఇస్తది."

"అంటే నేను దినాం ఎండ పెట్టింది ఉత్తగనే."

ఆమె బిళ్లను దుప్పటి మీద పెట్టి, పైకప్పు వైపు చూసింది. కిటికీ దుప్పట్లు తీద్దామని లేవబోతుంటే అడిగింది.

"గిది నీకెప్పుడెరుకైంది సరూ?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఇంటర్ల. జనగామల."

"అప్పటికి నా బిడ్డ ఎంతుండె?"

"గప్పుడప్పుడే బళ్లె కూసునేటంత. ఐదారేండ్లు."

"గిప్పుడు దానికే మనుమడున్నడు." ఆ తర్వాత, గొంతు పెంచకుండా, నా వైపు తిరగకుండా అన్నది: "బంకకు నేనేమంటలేను పిల్లా. చిన్నపోరివి, మీ అన్న చెప్పిండు, చేసినవ్. నేను దినాం పొద్దూకంగ తుడుస్తాంటె నువ్వు పక్కన కూసోని చూసినవ్ గద. గన్నేండ్లు చూసినవ్ గద."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. విజయకు ఏమీ అర్థం కాక, "అమ్మ ఏమన్నది అత్తా, ఎందుకు గట్లున్నవ్?" అని అడుగుతూనే ఉంది. నేను మహబూబాబాద్‌లో మా ఇంటికి పోయిరావాలన్నాను గాని సంచి సర్దుకోలేదు. మూడోరోజు సాయంత్రం వదిన కూతురిని పిలిచి గూట్లోంచి కందీలు దించమంది. ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది, బూడిద ఎక్కడిది? వీధి చివర హోటలులో బొగ్గుపొయ్యి బూడిద అడిగి తెప్పించుకుని ఆమె ఒక డబ్బాలో దాచుకునేది. జబ్బు పడ్డాక కూడా మంచంలో కూర్చునే తుడిచేది, నేను చూస్తూనే ఉన్నాను. ఆ డబ్బా, నూలుగుడ్డ, కందీలు మూడూ తెప్పించి నన్ను మంచం మీద కూర్చోమంది. కందీలు నా ఒళ్లో పెట్టింది.

"ఇగ గిది నువ్వు తుడువు."

గ్లాసు ఊడదీసి, గుడ్డను అరచేతికి చుట్టుకోబోయాను. "గట్ల కాదు. గుడ్డ రెండు వేళ్లకు సుట్టు. లోపటి నుంచి" అని నా వేళ్లు పట్టుకుని చూపించింది. ఆ చేతిలో బలం లేదు, వేడి మాత్రం ఉంది. నేను తుడుస్తుంటే కళ్లు మూసుకుంది. ఆ రాత్రి నా చేత్తో రెండు చెంచాల మజ్జిగ తాగింది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగలేదు, అడిగే మొహం లేదు. ఆ తర్వాత పోయేదాకా ఆమె ఆ కందీలును ముట్టుకోలేదు, దాని మాట ఎత్తలేదు. సాయంత్రం కాగానే ప్రశాంతంగా గోడ వైపు తిరిగి పడుకునేది. ఆమెకు అలవాటు లేని నిద్ర అది.

వదిన పోయి వర్షాకాలం ఒకటి గడిచింది. మొన్న తరిగొప్పుల వైపు పోయినప్పుడు చూశాను, ఎడ్లబండ్లు లేవు, ట్రాక్టరు తొట్ల వెనుక వరుసగా ఎర్రబిళ్లలు కొట్టి ఉన్నాయి. పిల్లలు వాటిని ఇప్పటికీ రేడియం అనే అంటున్నారు. సరిదిద్దలేదు. మహబూబాబాద్‌లో మా ఇంట్లో ప్రతి గదికీ రెండు లైట్లు, కరెంటు పోతే తమంతట తామే వెలిగేవి ఇంకో రెండు. కందీలు నా అల్మారాలో ఉంది. పొద్దు వాలగానే పీట వేసుకుని, గ్లాసు ఊడదీసి, బూడిద అద్దిన గుడ్డ రెండు వేళ్లకు చుట్టి లోపలి నుంచి తుడుస్తాను. వెలిగించని గ్లాసుకు మసి ఎక్కడిది? అయినా ఆమె తుడిచింది, నేను తుడుస్తున్నాను.